మూత లేని చేపల తొట్టి: బెజవాడ వేసవిలో ఒక ఆర్కిడ్ కేసు

నాది విజయవాడ శివార్లలో ఒక చిన్న నర్సరీ. గులాబీలు, మందారాలు, కరివేపాకు మొలకలు అమ్ముకుని బతికే నర్సరీయే గానీ, కొన్నేళ్లుగా ఇళ్లకు వెళ్లి జబ్బు చేసిన మొక్కలు చూసే పని కూడా పెట్టుకున్నాను. వెళ్లిన ప్రతి ఇంటికీ నోట్‌బుక్కులో ఒక పేజీ కేటాయిస్తాను. చాలా పేజీల్లో నాలుగు లైన్లకు మించి ఉండవు: పిండినల్లి, వేపనూనె, రెండు వారాలు, తగ్గింది. ఈ ఆర్కిడ్ ఒక్కటే పదకొండు పేజీలు తినేసింది. వాటిలో సగం నా తప్పుల గురించే. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

మొక్క యజమాని రిటైరైన టీచరు. పేరు, ఇంటి ఆనవాళ్లు రాయను, టీచరుగారు అనే అంటాను. అపార్టుమెంటులో మూడో అంతస్తు. హాలుకు పడమటి బాల్కనీ, పడకగదికి తూర్పు కిటికీ. ఈ రెండు దిక్కులూ గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తాయి.

సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు తల్లికి తెల్లపూల ఆర్కిడ్ తెచ్చి ఇచ్చాడు. బొకేల షాపుల్లో, హోటళ్ల రిసెప్షన్ బల్లల మీద కనిపించే రకమే, ఫెలనాప్సిస్. రెండు పూలకాడలు, ఒక్కోదానికి పది పన్నెండు పూలు. లోపల పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పు, దాని చుట్టూ తెల్లటి పింగాణీ కుండీ. కుండీకి అడుగున చిల్లు లేదు. చూడటానికి ఎంత బాగుంటుందో మొక్కకు అంత చేటు.

పూలు ఏప్రిల్ దాకా నిలిచాయి. ఈ జాతి పూలు రెండు మూడు నెలలు ఉండటం మామూలే. కానీ పూలు నిలిచినన్నాళ్లూ మొక్క బాగుందని అనుకుంటాం. లోపల వేళ్లు కుళ్ళిపోతున్నా ఆకుల్లో దాచుకున్న నీటితో పూలు కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. టీచరుగారు పొద్దున్నే పూజ అయ్యాక తులసికి ఒక చెంబు, దీనికి ఒక గ్లాసు చొప్పున తప్పకుండా పోశారు. అదీ నెత్తిమీద నుంచి. మొక్కకు రోజూ అభిషేకమే.

మార్చి ఆఖర్లో ఆకులు వాలడం మొదలైంది. అక్కడి నుంచి సలహాలు. పక్కింటావిడ టీ పిప్పి వేయమంది. మనవరాలు ఫోన్లో చూసి వారానికి మూడు ఐసు ముక్కలు పెట్టమంది. అపార్టుమెంటుకు వచ్చే తోటపని మనిషి "వేళ్లు బయటికొచ్చేశాయమ్మా, మట్టి చాల్లేదు" అని కప్పు తీసేసి, ఎర్రమట్టీ వర్మీకంపోస్టూ కలిపి అదే పింగాణీ కుండీలో నాటాడు. గాలిలోకి వచ్చిన వేళ్లను కూడా మట్టిలోకి వంచి కప్పెట్టాడు. అతన్ని తప్పుపట్టను. మల్లెకైనా గులాబీకైనా వేళ్లు పైకి తేలితే నేను చేసే పనీ అదే.

ఫిర్యాదు

మే రెండో వారంలో ఫోన్ చేశారు. "బాబూ, నీళ్లు ఎంత పోసినా వాడిపోతూనే ఉంది" అన్నారు. జబ్బూ కారణమూ ఒకే వాక్యంలో చెప్పేశారు గానీ అది ఆవిడకు తెలియదు.

నిజం చెప్పాలంటే నేను తప్పించుకోబోయాను. నా ఫీజు, ముడి సరుకు, ఆటో చార్జీ కలిపితే మొక్క ఖరీదు దాటుతుంది. "కొత్తది కొనుక్కోవడం చౌక టీచరుగారూ" అన్నాను.

"మావాడు ఇచ్చింది కదా బాబూ. కొన్నది ఇది అవుతుందా?"

వెళ్లాను.

మొదటి రోజు చూసింది

ఐదు ఆకులు. అన్నిటికంటే కిందిది పసుపు. మిగతా నాలుగూ పచ్చగానే ఉన్నా తడిసిన తోలులా మెత్తబడి, పొడవునా ముడతలు పడి, కుండీ అంచు మీద వాలి ఉన్నాయి. ఒక పూలకాడ ఎండింది. రెండోది పచ్చగా ఉంది, దాని చివర రెండు మొగ్గలు. ఆకుల మొదళ్లలో, అడుగున పిండినల్లి కోసం వెతికాను, లేదు. మొవ్వును, అంటే నడిమధ్య కొత్త ఆకు పుట్టే చోటును, వేలితో నొక్కి చూశాను, గట్టిగా ఉంది. ఫెలనాప్సిస్‌లో నేను ముందుగా చూసేది మొవ్వునే. ఈ మొక్క ఒకే మొవ్వు నుంచి పైకి పెరుగుతుంది. అరటిలా పక్కన పిలకలు వేయడం అరుదు, కొన్ని ఆర్కిడ్లలా నీళ్లు దాచుకునే దుంపకాడలూ ఉండవు. మొవ్వు కుళ్ళితే దాదాపు అంతా అయిపోయినట్టే. మొవ్వు బాగుంటే వేళ్లన్నీ పోయినా ఆశ ఉంటుంది.

కుండీ ఎత్తితే సిమెంటు దిమ్మలా బరువుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన వాసన.

వాడిన ఆకులకు కారణాలు రెండు ఉండొచ్చు. నీళ్లు అందకపోవడం ఒకటి. నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్ళి, ఉన్న నీళ్లను కూడా తాగలేకపోవడం రెండోది. ఆకు మాత్రం రెండిట్లోనూ ఒకేలా వాడుతుంది. ఆకును చూసి వైద్యం మొదలుపెట్టిన వాళ్లలో ఎక్కువమంది ఇంకో గ్లాసు నీళ్లు పోస్తారు. తేడా తెలియాలంటే వేళ్లు చూడాలి, దానికి మొక్కను పెకలించాలి. మేలో పెకలించడం మంచిది కాదని నాకు తెలుసు. కానీ బరువు, వాసన చూశాక ఆగడానికి కారణం కనిపించలేదు.

మట్టి కడిగేశాక పద్నాలుగు వేళ్లు లెక్కపెట్టాను. ఒక్కోదాన్నీ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మెల్లగా లాగితే పదకొండింటికి పైతొక్క జారిపోయి లోపల సన్నటి దారం మిగిలింది. ఆ తొక్కే ఈ వేరుకు ప్రాణం. స్పాంజిలా ఉండే ఆ పొర వాన నీటిని పీల్చి లోపలికి అందిస్తుంది. ఆరినప్పుడు వెండి రంగు, తడిసినప్పుడు ఆకుపచ్చ. గాలి అందకుండా నీళ్లలో నానితే కుళ్ళి గోధుమరంగు గుజ్జవుతుంది. మిగిలిన మూడు వేళ్లకు సగం సగం ప్రాణం ఉంది. మంచి భాగమంతా కలిపి కొలిస్తే జానెడు.

టీచరుగారు పక్కనే నిలబడి చూస్తున్నారు. "అడవిలో దీనికి రోజూ వాన పడుతుందటగా, మరి అక్కడ కుళ్ళదా?" అని అడిగారు. మంచి ప్రశ్న. వీటి పూర్వీకులు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరుగుతాయి. వాన నిజంగానే ఎక్కువ. కానీ వేళ్లు గాలిలో వేలాడుతుంటాయి కాబట్టి గంటల్లో ఆరిపోతాయి. మన దగ్గర పాత మామిడి చెట్ల మీద కూడా ఒక జాతి ఆర్కిడ్ కనిపిస్తుంది. చెట్టు మీద మొలిచినదాన్నల్లా బదనిక అనేసి, రసం తాగుతుందని పీకి పారేసేవాళ్లు మా ఊళ్లో. అది రసం తాగదు, కొమ్మను ఆసరాగా పట్టుకుంటుందంతే. మండు వేసవిలో కూడా దాని వేళ్లు బెరడు మీద బయటికే కనిపిస్తూ ఉండేవి. చిన్నప్పుడు చూసిన ఆ దృశ్యం నాకు ఇలాంటి కేసుల్లో చదువుకంటే ఎక్కువ సాయపడింది.

కోత

కుళ్ళిన పదకొండు వేళ్లనూ తీసేశాను. బ్లేడును ప్రతి కోతకూ గ్యాసు మంట మీద కాల్చి చల్లార్చాను. కోసిన చోట మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దాను. అది తడిని లాగేస్తుంది, బతికున్న వేరుకు పూస్తే ఆ వేరూ ఎండుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయమని చాలామంది చెబుతారు. నురగ చూస్తే ఏదో శుభ్రమైనట్టు ఉంటుంది గానీ ఉన్న జానెడు వేరును అది కూడా కాలుస్తుందేమోనని వాడలేదు.

కష్టమైన కోత వేళ్లది కాదు, పూలకాడది. రెండు మొగ్గలున్నాయి. జానెడు వేరుతో మొక్క తన ఆకులకే నీళ్లు అందించలేకపోతోంది, పూలకు ఎక్కడి నుంచి తెస్తుంది? ఆకుల్లో నిల్వ ఉన్నదే ఖర్చు పెడుతుంది. ఈ మాట చెబితే టీచరుగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వంటింట్లోంచి గాజు గ్లాసులో నీళ్లు తెచ్చారు. కాడ కోసి అందులో పెట్టాను. ఒక మొగ్గ విచ్చుకుంది కూడా, తర్వాతి వారం ఫోటో పంపారు.

మొదటి ప్రయత్నం, నా తప్పు

వేళ్లు లేని ఆర్కిడ్‌కు అందరికీ తెలిసిన వైద్యం ఒకటుంది. తడిపి పిండిన స్పాగ్నమ్ నాచు గుప్పెడు పాలిథిన్ సంచిలో వేసి, మొక్కను దాని మీద కూర్చోబెట్టి, మూతి బిగించి నీడలో పెట్టడం. తర్కం సరైనదే. తాగే దారి లేనప్పుడు ఖర్చు తగ్గించాలి. సంచిలో గాలి నిండా తేమ ఉంటే ఆకుల నుంచి నీరు ఆవిరి కాదు, ఈలోగా కొత్త వేళ్లు వస్తాయి. అంతకు ముందు జనవరిలో ఇంకో ఇంట్లో ఇదే చేసి ఒక మొక్కను నిలబెట్టాను. ఆ ధైర్యంతో ఇక్కడా చేశాను. హాల్లో, బాల్కనీ తలుపుకు దూరంగా, అల్మారా పక్కన పెట్టాం.

తొమ్మిదో రోజున ఫోన్. "బాబూ, ఆకు మీద నీటి బుడగలాగా వచ్చింది. వాసన కూడా."

వెళ్లేసరికి పై నుంచి రెండో ఆకు మీద రూపాయి బిళ్లంత మచ్చ, నానబెట్టినట్టు పారదర్శకంగా ఉంది. వేలు తగిలితే చీలింది. అది బూజు తెగులు కాదు, బాక్టీరియా మెత్తకుళ్ళు. ఒకటి రెండు రోజుల్లో ఆకంతా పాకి మొవ్వులోకి దిగగలదు. మూడు వేళ్లలో ఒకటి కూడా గుజ్జయింది. మచ్చకు రెండు అంగుళాలు ఇవతల నుంచి మంచి ఆకుతో సహా కోసేశాను. కోసిన అంచుకు కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద రాశాను. మామూలు శిలీంధ్రనాశకాలు బాక్టీరియా మీద పనిచేయవు. ఆ మిగిలిన ఆకు ముక్క కూడా తర్వాత ఎండిపోయింది. కింది పసుపు ఆకు అప్పటికే రాలింది. ఇక మిగిలినవి మూడు ఆకులు, రెండు సగం వేళ్లు.

ఎక్కడ తప్పాను? ఆ సాయంత్రం నోట్‌బుక్కులో ఈ ప్రశ్న రాసుకుని, మర్నాడు ఖాళీ సంచిలో తడి నాచు, డిజిటల్ థర్మామీటరు పెట్టి అదే అల్మారా పక్కన ఉంచమన్నాను. మధ్యాహ్నం మూడింటికి గది 37 డిగ్రీలు. సంచి లోపల 41. బెజవాడను బ్లేజ్‌వాడ అని సరదాగా అంటాం గానీ, నేను ఆ మొక్కను మూతపెట్టి ఉడకబెట్టాననే సంగతి అంకె చూశాకే తలకెక్కింది. జనవరిలో చేసినప్పుడు గది 27 దాటలేదు. వైద్యం ఒకటే, ఊరు ఒకటే, నెల మారింది. తేమ, వేడి, కదలని గాలి, ఈ మూడూ కలిస్తే బాక్టీరియాకు పండగ. చలిదేశాల వాళ్లు రాసిన పద్ధతిలో తేమ, కదలని గాలి ఉంటాయి, ఇంత వేడి వాళ్లకు ఉండదు కాబట్టి దాని గురించి రాయరు. థర్మామీటరు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. ఆ మొదటి రోజు తీసి చూడాలని తట్టలేదు, అంతే.

చేపల తొట్టి

ఇంకో వారంలో రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండల్లో ఈ మొక్కకు చల్లదనం, తేమ, గాలి మూడూ ఒకేసారి ఇవ్వాలి. ఇంట్లో ఏ గంటలో ఏ గది ఎంత వేడిగా ఉంటుందో రాయమని థర్మామీటరు టీచరుగారి దగ్గరే వదిలి వచ్చాను. నాలుగు రోజుల లెక్క చూస్తే హాలు రాత్రి పదింటికి కూడా 33 దిగలేదు. పడకగది పగలు 35 ఉన్నా, రాత్రి పది నుంచి తెల్లారి ఐదు దాకా ఏసీ వల్ల 26లో ఉంది.

ఆ రాత్రి 26 నాకు చాలా విలువైనదిగా కనిపించింది. ఎందుకంటే ఫెలనాప్సిస్ మన వేప, మామిడిలా పగలు గాలి పీల్చదు. బ్రహ్మజెముడులా, కలబందలా రాత్రి ఆకురంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువు తీసుకుని దాచుకుంటుంది, పగలు రంధ్రాలు మూసుకుని దాంతో ఆహారం చేసుకుంటుంది. రాత్రి కూడా సెగలోనే ఉంటే తిన్నదానికంటే ఖర్చే ఎక్కువవుతుంది. పగటి వేడిని కొంత ఓర్చుకుంటుంది గానీ రాత్రైనా ఊపిరి తీసుకోనివ్వాలి.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆకురంధ్రాలు తెరుచుకునేది రాత్రే కాబట్టి నీళ్లు పోయేదీ రాత్రే. ఏసీ గాలేమో పొడిగా ఉంటుంది. కాబట్టి గది చల్లగా, మొక్క చుట్టూ గాలి తేమగా ఉండాలి, అయినా మూత ఉండకూడదు. బాల్కనీలో బోర్లించి ఉన్న పాత చేపల తొట్టి కంటపడింది. మనవడు చేపలు పెంచడం మానేశాక రెండేళ్లుగా అది అక్కడే ఉందట.

కడిగి పడకగదిలో పెట్టాం. అడుగున ఇటుక ముక్కలు పరిచి అవి సగం మునిగేలా నీళ్లు పోశాం. దాని మీద బోర్లించిన పింగాణీ గిన్నె, దాని మీద మొక్క. కుండీ అడుగు నీళ్లకు తగలకూడదు. తొట్టి గోడలు ఏసీ గాలి నేరుగా కొట్టకుండా ఆపుతాయి. పైన తెరిచి ఉంటుంది కాబట్టి ఫ్యాను గాలి మెల్లగా లోపల తిరుగుతుంది. తొట్టి లోపల తేమ గదిలో కంటే పదిహేను శాతం దాకా ఎక్కువ చూపించింది మీటరు. నాకు అది చాలు.

మొక్కను పెట్టింది మామూలు ప్లాస్టిక్ గ్లాసులో. ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో అడుగున, పక్కల చిల్లులు పొడిచాను. పెద్ద కుండీలో పెడితే వేళ్లు చేరని తడి ఎక్కువ మిగిలిపోతుంది. అడుగున పెంకు ముక్కలు, మధ్యలో బొగ్గు, పైన్ బెరడు ముక్కలు, పైన వేళ్ల దగ్గర మాత్రం పలచగా స్పాగ్నమ్ నాచు. కొబ్బరి డొక్క ముక్కలు మన దగ్గర చవకే గానీ వాటిలో ఉప్పు ఉంటుంది, రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెడితే తప్ప వాడను. అప్పుడు అంత టైము లేదు. ఊగకుండా వెదురు పుల్లకు కట్టాను. కదిలే మొక్క కొత్త వేరు చివరను రాపిడికే పోగొట్టుకుంటుంది.

వెలుతురు కోసం తూర్పు కిటికీ, పలచటి తెల్ల కర్టెన్. మొక్కకు అడుగు ఎత్తున చెయ్యి పెడితే అంచులు మసకగా ఉన్న నీడ పడాలి. అంచు చాకుతో కోసినట్టు ఉంటే ఎండ ఎక్కువ, నీడే పడకపోతే తక్కువ. పడమటి బాల్కనీని లెక్కలోంచే తీసేశాను. సాయంత్రం నాలుగింటికి అక్కడ గ్రిల్లు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది.

రిజిస్టరు

మొక్కకు సరే, టీచరుగారికి ఏం వైద్యం? రోజూ పూజయ్యాక గ్లాసు నీళ్లు పోయడం ఆవిడకు అలవాటు కాదు, అనుష్ఠానం. "వారానికి ఒకసారే పోయండి" అంటే తల ఊపుతారు, నాలుగోనాడు పాపం అనిపించి పోసేస్తారు. అలా తల ఊపిన వాళ్లను చాలామందిని చూశాను. పైగా వారానికి ఒకసారి అనేది కూడా తప్పు లెక్కే. జూన్‌లో నాలుగు రోజులకు ఆరేది ఆగస్టులో ఎనిమిది రోజులైనా ఆరదు.

అందుకని పోయడం మాన్పించే ప్రయత్నం మానేసి, ఆ వేళకు ఇంకో పని పెట్టాను. "టీచరుగారూ, రోజూ పూజయ్యాక దీనికి అటెండెన్స్ వేయండి. గ్లాసు పక్క నుంచి వేళ్లు చూసి రంగు రాయండి. వంటింటి తూకం మీద గ్లాసు బరువు రాయండి. వేరు వెండి రంగులోకి మారి, తడి బరువు కంటే నలభై గ్రాములు తగ్గితేనే నీళ్లు." ముప్పై ఏళ్లు రిజిస్టరు రాసిన చెయ్యి. ఒక్క రోజు తప్పలేదు. గీతలు కొట్టి గడులు వేసి, ఎర్ర ఇంకుతో "వెండి", నీలం ఇంకుతో "పచ్చ". నీళ్లు కూడా గ్లాసును మొవ్వు తడవకుండా గిన్నెలో పది నిమిషాలు నిలబెట్టి, తీసి వంపేయడమే.

జూన్ మొత్తం ఏమీ జరగలేదు. ఇలాంటి కేసుల్లో ఈ దశే ప్రమాదం. ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. "ఎరువేమైనా వేద్దామా బాబూ?" అని మూడుసార్లు అడిగారు. వేరు లేనిదానికి ఎరువు వేస్తే అది ఉప్పుగా పేరుకోవడం తప్ప ప్రయోజనం లేదు. ఆకులు అంతకంటే వాలిపోలేదు, మొవ్వు గట్టిగానే ఉంది. దిగజారకపోవడమే అప్పటికి ఫలితం అని చెప్పాను. నాకూ లోలోపల నమ్మకం తక్కువే.

జులై మొదటి వారంలో ఫోటో వచ్చింది. కాండం మొదట్లో, ఆకు చీల్చుకుని, మెరిసే ఆకుపచ్చ మొన. మూడు రోజులకు దాని పక్కనే ఇంకోటి.

నీళ్లు: రెండో తప్పు

సంతోషం రెండు వారాలే. రెండు మొనలూ అంగుళం కూడా పెరగకుండానే నల్లబడి ఆగిపోయాయి. కుళ్ళు కాదు, మెత్తగా లేవు, మాడిన అగ్గిపుల్ల తలలా ఉన్నాయి. రిజిస్టరు చూశాను, నీళ్లు పోసిన తీరులో వంక లేదు. వేడి తగ్గింది, వానలు మొదలయ్యాయి. ఎరువు వేయలేదు. గ్లాసు చిల్లుల చుట్టూ తెల్లటి పొర కనిపించాక గానీ అడగాల్సిన ప్రశ్న తట్టలేదు.

"ఏ నీళ్లు పోస్తున్నారు?"

"బాత్రూం కుళాయివే బాబూ. బోరు నీళ్లు. తాగే కృష్ణా నీళ్లు మొక్కకెందుకని."

నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెడితే బోరు నీళ్లు 1,180 చూపించాయి. మున్సిపల్ కుళాయి నీళ్లు 290. వంటింట్లో ఆర్‌ఓ నీళ్లు 45. కరివేపాకు, మందారం ఆ బోరు నీళ్లతో బతుకుతాయి. వాన నీళ్లకు, అంటే దాదాపు ఏ లవణాలూ లేని నీళ్లకు అలవాటు పడిన వేరు మొన బతకదు. పైగా నేను చెప్పిన పద్ధతిలో కింద నుంచి నానబెట్టడమే గానీ పైనుంచి కడగడం లేదు, కాబట్టి ప్రతిసారీ ఉప్పు పేరుకుంటూ పోయింది. నీళ్లు ఎంత, ఎప్పుడు, ఎలా అని నెలన్నర పాఠం చెప్పిన నేను ఏ నీళ్లు అని అడగలేదు.

ఆ రాత్రే వాన పడింది. టీచరుగారు డాబా మీద స్టీలు బకెట్టు పెట్టి పట్టారు. ఆ నీళ్లతో గ్లాసును మూడుసార్లు, మొవ్వు తగలకుండా అంచు నుంచి పోసి కడిగాం. నాచు మార్చేశాను. వానల్లేని రోజులకు మూడు వంతులు ఆర్‌ఓ, ఒక వంతు మున్సిపల్ నీళ్లు. ఉత్త ఆర్‌ఓలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు కాబట్టి ఆ ఒక వంతు. ఏసీ నుంచి కారే నీళ్లు వాడొచ్చా అని అడిగారు. వాటిలో లవణాలు తక్కువే గానీ దుమ్ము పట్టిన కాయిల్ మీదుగా, పాకుడు పట్టిన గొట్టంలోంచి వస్తాయి. ప్రాణం మీదున్న మొక్కకు వద్దన్నాను.

నల్లబడ్డ మొనలు మళ్లీ సాగలేదు. అందులో ఒకదానికి వెనక నుంచి పక్కవేరు పుట్టింది. ఆగస్టు ఆఖరుకు కాండం నుంచి మూడు కొత్తవి. అవి రెండేసి అంగుళాలు దాటాక ఎరువు మొదలుపెట్టాం. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువు లీటరుకు పావు గ్రాము, రెండు వారాలకు ఒకసారి, మధ్యలో ఒట్టి నీళ్లతో కడగడం. రైతులు పొలంలో కొట్టే మోతాదులో ఇది పిసరంత. అక్టోబరులో మొవ్వులోంచి కొత్త ఆకు తొంగి చూసింది. చిన్నదే, కానీ గట్టిగా, నిటారుగా ఉంది. పాత ఆకులు కొంత బిగిసినా ముడతలు పోలేదు. ఎందుకు పోలేదని టీచరుగారు దిగులుపడ్డారు. ఒకసారి పడ్డ గాటు ముడత చాలావరకు అలాగే ఉండిపోతుంది. కోలుకుందో లేదో కొత్త ఆకులో చూడాలి, పాత ఆకులో కాదు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

ఇంటికి వెళ్లగానే మొక్క కంటే ముందు గది కొలుస్తున్నాను. పగలు మూడింటి వేడి, రాత్రి పదింటి వేడి తెలియకుండా ఏ పద్ధతీ చెప్పను. పాలిథిన్ సంచి పద్ధతిని నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే వాడుతున్నాను, మిగతా నెలల్లో మూత లేని తొట్టే. టీడీఎస్ మీటరు థర్మామీటరు పక్కన చేరింది. గుణదల నుంచి భవానీపురం దాకా ఒక్కో అపార్టుమెంటు బోరు ఒక్కో అంకె చూపిస్తోంది, పక్క పక్క బిల్డింగులకే పొంతన ఉండటం లేదు.

ఇంకోటి. నేను మొక్కకు రెండుసార్లు హాని చేశాను. రెండుసార్లూ టీచరుగారు చూసి ఫోన్ చేయడం వల్లే తెలిసింది, నా ప్రతిభ వల్ల కాదు. మెత్తకుళ్ళు మచ్చను ఆ రోజు చూడకపోయి ఉంటే మూడో రోజుకు మొవ్వు పోయేది. అందుకే ఇప్పుడు ఆర్కిడ్ తెచ్చిన ప్రతివాళ్లకూ మందు చీటీ కంటే ముందు రిజిస్టరు అంటగడుతున్నాను. కొందరు నవ్వుతారు. ఐటీ కుర్రాడొకడు దాన్ని ఎక్సెల్‌లో పెట్టుకున్నాడు.

తర్వాత

డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఏసీ ఆపి కిటికీ తీసి ఉంచమన్నాను. ఈ జాతి పూలకాడ వేయాలంటే కొన్ని వారాల పాటు చల్లటి రాత్రులు కావాలి. మన ఊళ్లో అవి ఆ రెండు నెలల్లోనే దొరుకుతాయి. పూల కోసం కాదు, అలవాటు తప్పకూడదని చెప్పాను. జనవరి ఆఖర్లో ఫోటో. "ఇది వేరా, కాడా?" వేరు మొన గుండ్రంగా ఉంటుంది. కాడ మొన ఒక పక్కకు ముక్కు ఉన్నట్టు, మడిచిన బొటనవేలులా ఉంటుంది. పెద్దది చేసి చూశాను. కాడే.

కోసేయమన్నాను. నాలుగు ఆకులు, ఆరు వేళ్లు. ఇంకో ఏడాది ఆగితే బాగుంటుందని కారణాలన్నీ చెప్పాను.

"చూద్దాంలే బాబూ" అన్నారు.

కోయలేదు. ఐదు మొగ్గలు వేసింది. ఏప్రిల్ వేడికి రెండు రాలాయి, మూడు విచ్చుకున్నాయి. కొడుకుకు వీడియో కాల్లో చూపించారట. మే వచ్చేసరికి అన్నిటికంటే కింది ఆకు పసుపెక్కి పోయింది, నేను భయపడింది అదే. ప్రస్తుతం మూడు ఆకులు, మొవ్వులో ఇంకో ఆకు మొన. కాడ ఈసారి ఆవిడే కోశారు, బ్లేడు కాల్చి. చేపల తొట్టి మళ్లీ పడకగదిలోకి చేరింది, రిజిస్టరు రెండోది నడుస్తోంది.